బడిలో పుట్టిన వలపు: ‘ఫాండ్రీ’ మొదలగు కథలను గూర్చి

ధనికుని కూతురును పేదవాని కొడుకును ఒక్క తరగతిలో చదువుకొని, ఒకరినొకరు వలచి, పెద్దల యాగ్రహమునకు గురియగుట యనునది నేటి నవలలలోను చలనచిత్రములలోను మిక్కిలి యరిగిపోయిన యితివృత్తము. బడిగంట మ్రోగిన మొదటి నిమిషముననే తుదకు తాళిబొట్టు మెరయునో కత్తి మెరయునో ప్రేక్షకుడు చెప్పగలుగుచున్నాడు. అట్లని యీ యితివృత్తమును చులకనచేసి త్రోసివేయుటకు వీలులేదు. వేరువేరు కులముల బిడ్డలు, వేరువేరు ఆదాయములుగల యిండ్ల బిడ్డలు ప్రక్కప్రక్కన కూర్చుండి సంవత్సరముల తరబడి కలిసి పెరుగు తావు మన దేశమున పాఠశాల తప్ప మరియొకటి అరుదు. ఇంటి వంటగదిలో ఆ కలయిక లేదు. పెండ్లిపందిటిలో అసలే లేదు. (ఆ పాఠశాలలు సైతము ఫీజుల తక్కెడలో తూగి విడిపోవుచున్న మాట నిజమే గాని, అది వేరొక వ్యాసమునకు విషయము.) అట్టి తావున పుట్టిన వలపును గూర్చి మన కథకులు ఏమి చెప్పుచున్నారు, ఏమి దాచుచున్నారు అని విచారించుట విమర్శకుని పని.

మన తెలుగు చిత్రములను కొన్నింటిని జ్ఞప్తికి దెచ్చుకొనుడు. వానిలో విద్యాలయము నాటకరంగమున వెనుక వ్రేలాడగట్టిన అడవితెర వంటిది. ఆ తెర యెదుట రాముడు నడచినను నలుడు నడచినను దానికి పట్టింపు లేనట్లే, ఆ విద్యాలయమునకును తనయందు నడచు కథతో పొత్తు లేదు. ఉపాధ్యాయుడు కలడా, అతడు హాస్యగాడు. పాఠము కలదా, అది నాయకుడు నాయికవైపు చూచుటకు కల్పించిన నెపము. విఘ్నమంతయు ఇంటియొద్దనే కాచుకొని యుండును. దానికి మీసములును, అనుచరులును, మోటారుబండ్లును కలవు. 2021లో విడుదలయై ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కార మందిన ‘ఉప్పెన’ పనితనము గల చిత్రమే. సముద్రముపై బ్రతుకు పల్లెవాని బిడ్డకును సంపన్నుని కూతురునకును గల ప్రేమను అందు చక్కగనే చిత్రించిరి. అయినను అందు ఆమె కాలేజీకి పోవు బస్సుకున్న ప్రాధాన్యము కాలేజీకి లేదు. పరువే ప్రాణముగా నెంచు తండ్రి యొక్కడే సమస్త దౌష్ట్యమునకును ఆలవాలము.

ఇట్లు పాపము నంతయు ఒక్క తండ్రి నెత్తిన పెట్టుటవలన ప్రేక్షకునకు గొప్ప సుఖము కలుగుచున్నది. తాను అట్టి తండ్రి కాడు గనుక తాను నిర్దోషి యని నిశ్చయించుకొని యింటికి పోయి నిద్రింపవచ్చును. అంతస్తు అనునది ఇంట పుట్టి ఇంటనే కత్తిపట్టునను మాట సగము నిజము. తక్కిన సగము తరగతిగదిలో, బెంచీల వరుసలలో, తోటివారి నవ్వులో నున్నది. ఆ రెండవ సగమును కన్ను తిప్పక చూచిన కృతులు కొలది. వానిలో ‘ఫాండ్రీ’ ముఖ్యమైనదని నా యభిప్రాయము.

ఈ మర్మమును మన పూర్వులు ఎరుగనివారు కారు. ఆదిపర్వమున నన్నయభట్టు తెనిగించిన కచదేవయానుల కథ గురుకులమున పుట్టిన వలపుకథయే. మృతసంజీవనీవిద్యకై వచ్చిన కచుడు శుక్రాచార్యుని కూతురగు దేవయాని ప్రేమను నిరాకరించును. వాని విద్య వానికి ఫలింపకుండుగాక యని యామె శపించును. వలపునకును విద్యకును తగవు వచ్చినప్పుడు నష్టపడున దేది యను ప్రశ్న అందు సూటిగా నున్నది. దాని వెంటనే వచ్చు శర్మిష్ఠాదేవయానుల తగవు మన ప్రస్తుతమునకు మరింత దగ్గరిది. ఒకతె రాజుకూతురు, మరియొకతె రాజగురువు కూతురు, ఇద్దరును చెలులు. జలక్రీడవేళ గాలికి ఒడ్డుననున్న బట్టలు కలిసిపోగా తొందరలో శర్మిష్ఠ దేవయాని చీరను కట్టుకొనినది. అంతవరకు చెలులైనవారు ఆ క్షణమున ఎవరి తండ్రి యెవరియెదుట చేయి చాచునో లెక్కపెట్టుకొనిరి. తుదకు ఒకతె రెండవదానిని నూతిలో త్రోయువరకు వచ్చినది. బట్టలు కలిసిపోయినచోటనే అంతస్తు బయటపడుట గమనింపదగినది. పిల్లలందరికిని ఒక్క రంగు దుస్తులు తొడిగించి, దానితో అంతరములు మాసిపోయినవని తృప్తిపడు అధికారులు ఆ ఘట్టము నొకసారి చదువుకొనిన బాగుండును.

ఇక ‘ఫాండ్రీ’. నాగరాజ్ మంజుళే రచించి దర్శకత్వము వహించిన యీ మరాఠీ చిత్రము 2013లో చలనచిత్రోత్సవములలో ప్రదర్శింపబడి, 2014 ఫిబ్రవరిలో విడుదలైనది. దర్శకుని తొలి చిత్రమున కిచ్చు జాతీయ పురస్కారమును, బాలనటున కిచ్చు జాతీయ పురస్కారమును దానికి లభించినవి. ఫాండ్రీ యనగా కైకాడీ భాషలో పంది. కైకాడీ ద్రావిడభాష, మన యెరుకల భాషకు చుట్టము. మహారాష్ట్రపు పల్లె కథయైనను మనకు పూర్తిగా పరాయిది కాదనుటకు ఈ యొక్క చుట్టరికమే చాలును.

కథ మిక్కిలి చిన్నది. జబ్యా యను బాలుడు, హాజరుపట్టీలో జంబువంత్ కచరూ మానే, ఊరి పాఠశాలలో చదువుచున్నాడు. తండ్రి కచరూ ఊరివారు చెప్పిన హీనమైన పనులెల్ల చేసి కుటుంబమును పోషించువాడు; ఊరిలో తిరుగు పందులను పట్టుట ఆ పనులలో నొకటి. జబ్యా తన తరగతిలోని పైకులపు బాలిక శాలును ప్రేమించుచున్నాడు. ప్రేమించుచున్నాడని వ్రాయుటకు సైతము కలము జంకుచున్నది. ఏలయన చిత్రమంతటిలోను వారిరువురి నడుమ చెప్పుకొనదగిన సంభాషణ యొకటియు లేదు. వాడు చూచును. అంతే. పొడవైన తోకగల నల్లనిపిట్ట యొకటి కలదనియు, దానిని పట్టి కాల్చిన బూడిదను బాలికపై చల్లినచో ఆమె వశమగుననియు ఎవరో చెప్పగా విని, మిత్రుడు పిర్యాను వెంటబెట్టుకొని ఉండేలు చేతబట్టి తుప్పలలో తిరుగును. పట్నములో అంగడియందు వ్రేలాడు జీన్సు లాగును చూచి, దానికై పుల్లఐసు అమ్మబోవును. అరువుతెచ్చిన సైకిలు కాస్త లారీక్రింద నలిగిపోవును. ఒక సైకిలు నలిగిన దృశ్యమున ఇంత దుఃఖ మెట్లు పట్టినదా యని నేను చాల సేపు ఆలోచించితిని. సైకిలు తనది కాదు. లాగు తనది కాలేదు. ఆ లాగు తొడిగి నిలువదలచిన చూపు అసలే తనది కాదు. మూడు లేములు ఒక్క చక్రముక్రింద నలిగినవి.

నల్లపిట్ట సంకేతమును మంజుళే కొంత యెక్కువగా వాడుకొనినాడని నాకు తోచినది. పదేపదే తీగపై వ్రాలి యెగిరిపోవు ఆ పిట్టను చూచునప్పుడు దర్శకుడు మన భుజము తట్టి ‘గ్రహించితిరా?’ అని యడుగుచున్నట్లుండును. కాని పాఠశాలను చిత్రించుటలో అతడు ఎచ్చటను భుజము తట్టడు. ఒక ఘట్టమున తరగతిలో ఉపాధ్యాయుడు చోఖామేళుని అభంగమును పాఠముగా చెప్పుచుండును. చోఖామేళుడు పదునాలుగవ శతాబ్దమున వర్తిల్లిన మహార్ భక్తకవి. పండరిపురపు విఠలునిపై పాడినవాడు. ఆ యభంగపు తాత్పర్యము పైరూపును చూచి లోని సారమును కాదనరాదని. ఉపాధ్యాయుడు దుర్మార్గుడు కాడు. పాఠమును చక్కగనే చెప్పుచున్నాడు. పిల్లలును శ్రద్ధగనే వినుచున్నారు. ఆ పాఠము తన వెనుకబెంచీపై కూర్చున్నదని గాని, లేచి నిలిచి తనవైపే చూచుచున్నదని గాని గురువునకు తట్టదు. పరీక్షలో ‘కవి హృదయమును వివరింపుము’ అను ప్రశ్నకు ఆ తరగతిలో సగముమందికి నిండు మార్కులు వచ్చియుండును. తెలుగు వాచకములలో వేమన పద్యములను ఏండ్లతరబడి వల్లెవేయించుచున్న మనకు ఈ దృశ్యము చురుక్కుమనక మానదు.

జాతరనాడు జబ్యా క్రొత్తచొక్కా తొడిగికొని తోటిపిల్లలతోబాటు డప్పుల మ్రోతకు గంతులు వేయును. ఆ కొలది నిమిషములు వాడును ఊరివాడే. ఇంతలో తండ్రి పిలిచి వాని నెత్తిన పెట్రోమాక్సు దీపమును పెట్టును. ఊరేగింపునకు వెలుగు వాడు మోయవలెను. ఆ వెలుగున అందరి ముఖములతోబాటు వాని ముఖమును శాలుకు కనబడవలెను. తన వెలుగే తన్ను పట్టియిచ్చిన దీనస్థితిని మాటలలో చెప్పినచో అలంకారమైపోవును. తెరపై అది కేవలము ఒక బాలుడు మెడ వంచలేక నిలిచియుండుట. ఆనాడే ఒక పంది దారితప్పి వచ్చి పల్లకిని మైలపరచినదని గోల పుట్టి, మరునాడు పందులను పట్టవలసినదిగా పెద్దలు కచరూకు ఆజ్ఞాపింతురు.

మరునాటి వేట పాఠశాల దాపుననే జరుగును. చిత్రమున కది శిఖరము. కుటుంబమంతయు, పెండ్లికావలసిన అక్కతోసహా, పందివెంట పరుగెత్తుచుండగా బడిపిల్లలు గుంపుగూడి చూచుచుందురు. జబ్యా గోడచాటునను తుప్పచాటునను దాగుకొనును. తండ్రి కేకలు వేయును, తుదకు కొట్టును. నవ్వువారిలో శాలు ఉన్నది. నడుమ నొకసారి పంది చేతికి చిక్కు నంతలో పాఠశాలలో జాతీయగీతము మొదలగును. కచరూ కుటుంబము ఉన్నచోటున ఉన్నట్లే నిటారుగా నిలుచును, పంది నిలువదు. దేశగౌరవము నెరిగినవారు ఎవరు, ఎరుగనివారు ఎవరు అని యెవ్వరును వ్యాఖ్యానింపరు. వేట ముగిసిన పిమ్మట చచ్చిన పందిని కర్రకు వ్రేలాడగట్టి మోసికొనిపోవుచుండ, వెనుక బడిగోడపై చిత్రింపబడిన మహనీయుల బొమ్మలు ఒకటొకటిగా కనబడును: అంబేద్కరు, జ్యోతిబా ఫూలే, సావిత్రీబాయి ఫూలే, శాహూమహారాజు.

ఆ గోడ మిక్కిలి తెచ్చిపెట్టినట్లున్నదని కొందరు విమర్శింపవచ్చును. నేను ఒప్పుకొనను. మహారాష్ట్రమున ఏ బడిగోడను చూచినను ఆ బొమ్మలు ఉండుట సహజము. మన బడులలోను ఉన్నవి. దర్శకుడు క్రొత్తగా చేసిన దెల్ల ఆ గోడముందు కొందరు మనుష్యులను నడిపించుట మాత్రమే. 1848లో ఫూలే దంపతులు పూనాలో బాలికలకు బడి తెరచినప్పుడు, ఆ బడికి పోవు సావిత్రీబాయిపై జనులు పేడయు మట్టియు విసరిరని చెప్పుదురు. ఇచ్చట రాయి విసరినవాడు జబ్యా. పందిని మోయుచున్న తనవారిని వెంబడించి యేడిపించు కుర్రకారుపై వాడు రాళ్లు రువ్వును, తుది రాయి తిన్నగా మనవైపు వచ్చును, తెర నల్లబడును.

ఆ రాయి ప్రేక్షకునకు తగిలినదని పలువురు వ్రాసిరి. సరియే గాని, ఏ ప్రేక్షకునకు? తండ్రులను తిట్టుచు కూర్చున్న ప్రేక్షకునకు తగులదు. జబ్యా వలపును చంపినవాడు పాటిలు కాడు, పంచాయతీ కాదు. అటువంటి వలపొకటి యున్నదని వారికి తెలియనే తెలియదు! చంపినది తరగతి నవ్వు. అందులో క్రౌర్యము సైతము పెద్దగా లేదు. పందివెంట పడిలేచు మనిషిని చూచి పిల్లలు నవ్వుట వింతకాదు. ఆ నవ్వునకు అర్థము తెలిసినవాడు ఆ గుంపులో ఒక్కడే, వాడు గోడచాటున దాగియున్నాడు. ప్రేమకథలలో మరణములు పెక్కు చూచితిమి. ప్రేమ యొకటి యుండెనని ప్రేమింపబడినవారికే తెలియకుండ అది చచ్చిపోయిన కథను నేను మరియొకటి ఎరుగను.

ఇచ్చట నొక యాక్షేపణము వచ్చును. శాలు ఎవరు? ఆమె మనస్సు ఎట్టిది? చిత్రము చెప్పదు. ఆమె ఒక ముఖము, ఒక జడ, ఒక చిరునవ్వు మాత్రమే. వ్రాసినవాడు పురుషుడు గనుక బాలికను బొమ్మ చేసినాడనవచ్చును. ఒకవిధమున అది న్యాయమైన ఆక్షేపణము. మరియొకవిధమున చూచినచో జబ్యాకు తెలిసిన శాలు అంతియే. వానికి లేని చనువును దర్శకుడు మనకు ఇచ్చినచో అది మోసమగును. కళాదృష్టిచే అది తప్పు కాదనియే నా తీర్పు. అయినను సగముకథ మిగిలిపోయినది. పైమెట్టున నిలిచిన బాలిక క్రిందికి చూచినప్పుడు ఏమి చూచును?

ఆ లోటును మంజుళేయే యెరిగినట్లు 2016లో ‘సైరాట్’ను తీసెను. నూరుకోట్ల రూపాయలు దాటి వసూలు చేసిన మొదటి మరాఠీ చిత్రమది. ఇందలి పిల్లలు పాఠశాల దాటి కళాశాలలో అప్పుడే అడుగిడినవారు. ఆర్చీ భూస్వామియు రాజకీయనాయకుడునగు పాటిలు కూతురు. పర్శ్యా చేపలు పట్టి బ్రతుకువారి బిడ్డ. ఇందు చూచునది బాలిక, పలుకరించునది బాలిక, ట్రాక్టరును బుల్లెట్టు బండిని నడుపునది బాలిక. ప్రేక్షకులు ఈలలు వేసిరి. స్త్రీస్వాతంత్ర్యమునకు జయమని పత్రికలు వ్రాసెను. నేనును సంతోషించితిని. పిమ్మట ఆలోచించినకొలది ఒక సంగతి స్పష్టపడినది. ఆర్చీ ధైర్యము ఆమెది మాత్రమే కాదు. అది పాటిలు ఇంటి ధైర్యము. ఎవనినైనను కన్నులలోనికి చూచి గద్దించుట పుట్టుకతో వచ్చిన ఆస్తి. ట్రాక్టరువలెనే తండ్రి పేరున నున్న ఆస్తి. పర్శ్యా ప్రేమించినది ఆ తేజస్సును. అంతస్తును ధిక్కరించుటకు ఆమె వాడిన బలము అంతస్తు ఇచ్చినదే. ఈ చిక్కును మంజుళే దాచలేదు. వారిని ఊరు దాటించి హైదరాబాదునకు తెచ్చి, దానిని పరీక్షకు పెట్టినాడు.

హైదరాబాదు ఘట్టములు మన తెలుగువారు ప్రత్యేకముగా చూడవలసినవి. పూర్వార్ధమంతయు పొలములు, దిగుడుబావులు, వాద్యఘోషము, పాటలు. ఉత్తరార్ధమున పాట దాదాపు నిలిచిపోవును. మురికివాడలో ఇరుకుగది. దోసెల బండి నడుపు సుమన్ అక్క ఆశ్రయమిచ్చును. పాటిలు కూతురు సీసాలు నింపు కర్మాగారమున కూలికి చేరి తెలుగు మాటలు నేర్చును. ఇచ్చట ఆమె తండ్రి యెవరో యెవనికిని తెలియదు. గద్దించినచో వినువాడు లేడు. పుట్టింటి ధైర్యము పోయి, తన సొంతముగా ఎంత ధైర్యము మిగిలినదో లెక్కతేలు చోటు అది. పర్శ్యాయు మారును, ఊరిలో ఆమె చూపు సోకినచో చాలుననుకొనినవాడు, పట్నములో ఆమెను అనుమానించి నిందించును. క్రింది మెట్టువాడైనను మగవాడను మెట్టు వానికి మిగిలియే యున్నది గదా! ఇంత నిజము చెప్పిన దర్శకుని మెచ్చుకొనకుండ నుండలేము. తుదకు పుట్టింటివారు కానుకలతో వచ్చుటయు, అటుపిమ్మటి రక్తపాతమును, నెత్తుటి అడుగులతో నడచిపోవు పసివాడును లోకవిదితములే. 2018లో దీనిని ‘ధడక్’ అను పేర హిందీలో తీసినవారు కులమును పలుచన చేసి డబ్బును చిక్కన చేసిరి. దానితో కథ మిగిలినది గాని కారణము పోయినది.

‘సైరాట్’లో పాఠశాలకు సంబంధించిన ముఖ్యఘట్టము వేరొకటి కలదు. ప్రేమకథ సందడిలో దానిని పెక్కుమంది గమనింపరు. లోఖండే యను ఉపాధ్యాయుడు దళితకవిత్వమును గూర్చి పాఠము చెప్పుచుండగా ఆర్చీ అన్న ప్రిన్సు వచ్చి, తన్ను మందలించినందుకు గురువు చెంప ఛెళ్లుమనిపించును. తరగతి చూచుచుండును. ఎవడును లేవడు. తరువాత జరుగబోవు హత్యకు అదియే తొలి అంకమని నేను భావించుచున్నాను. గురువును కొట్టినవానిని నిలిపి యడుగలేని తరగతి, చెల్లెలిని చంపబోవువానిని ఎట్లు ఆపగలదు?

ఇదంతయు కులవ్యవస్థవలన వచ్చిన చిక్కు, అది లేని దేశమున ఇట్టి బాధ యుండదని చెప్పువారికొరకు ఐర్లండు నవల నొకదానిని ప్రస్తావించెదను. సాలీ రూనీ 2018లో ప్రకటించిన ‘నార్మల్ పీపుల్’ స్లైగో ప్రాంతపు చిన్నయూరి పాఠశాలలో మొదలగును. మేరియన్ పెద్దయింటి పిల్ల. కానెల్ తల్లి లొరేయిన్ ఆ యింటిలో పాచిపని చేయునది. ఇచ్చట కత్తి లేదు. ప్రేమించినందుకు తరిమికొట్టు తండ్రి లేడు. పైగా పాఠశాలలో లెక్క తలక్రిందులు: పనిమనిషి కొడుకు బంతియాటలో మేటి, అందరికిని ఇష్టుడు, పెద్దయింటి పిల్ల అందరిచేతను వెలివేయబడినది. ఇద్దరును రహస్యముగా కలిసికొందురు. ఆ రహస్యమును కోరినవాడు కానెల్. వసారాలో ఆమె ఎదురైనచో ఎరుగనట్లు తలత్రిప్పుకొనును. చదువు ముగియునప్పటి నృత్యోత్సవమునకు వేరొక బాలికను పిలుచును. ఈ సంగతి తెలిసి కొడుకును చీదరించుకొనినది ఆ యిల్లు తుడుచు తల్లియే. కొంతకాలమునకు కానెల్ ఒక మిత్రునివలన తెలిసికొన్నదేమనగా, ఆ రహస్యము తొల్లియే అందరికిని తెలియునట, ఎవరును పట్టించుకొనలేదట! ఎవరి నవ్వునకు వెరచి ఆమెను బలిపెట్టెనో వారు నవ్వనే లేదు.

ఈ యొక్క మలుపునకై ఆ నవలను చదువవచ్చును. తక్కిన నవలలో విసుగు పుట్టించు భాగములు లేకపోలేదు. డబ్లినులో ట్రినిటీ కళాశాలకు పోయిన పిమ్మట స్థానములు మరల తారుమారై, ఇద్దరును విడిపోవుటయు కలియుటయు అవసరమునకు మించి సాగినది. కాని మొదటి భాగము ‘ఫాండ్రీ’కి అద్దము పట్టుచున్నది. ఒకచోట తరగతి నిజముగనే నవ్వినది, మరియొకచోట నవ్వునను భయమే చాలినది. పాఠశాల బయటి అంతస్తులను లోపలికి తెచ్చుకొనుటతో ఆగక తనవైన అంతస్తులను స్వయముగా తయారుచేయుచున్నదని రూనీ చూపినది. బయటివి లోపలికి వచ్చినప్పుడు అవి ఎంత నిశ్శబ్దముగా కూర్చుండునో మంజుళే చూపినాడు.

ఈ కథలను చూచి మన పాఠశాలలవైపు తిరిగినచో ఒక ప్రశ్న నన్ను వదలకున్నది. తొమ్మిదవ తరగతి నోటుపుస్తకములో ఒక లేఖ దొరకును. అది మన వృత్తిలో అపురూపమైన సంగతి కాదు. అప్పుడు ఉపాధ్యాయుడు ఏమి చేయుచున్నాడు? కబురు పంపును. ఎవరి యింటికి? సామాన్యముగా బాలిక యింటికి. అందులోను ఆ యిల్లు పెద్దదైనచో మరింత త్వరగా. బాలుని చదువు మాన్పించుమని సలహా చెప్పుట, లేదా బదిలీపత్రము చేతబెట్టుట అటుపిమ్మటి పని. క్రమశిక్షణ యనుకొని చేయుచున్న యీ పనిలో, ఇంటనున్న కత్తికి దారి చూపినవారము మనమే యగుచున్నామని తోచదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో పట్టపగలు ఒక యువకుడు కులాంతరవివాహము చేసికొనినందుకు హత్యచేయబడినాడు. ఆ పరిచయము బడినాటిదని లోకమెల్ల చదివినది. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణశిక్షయు ఆర్గురికి యావజ్జీవశిక్షయు విధించినది. అదే 2018 మార్చిలో సర్వోన్నతన్యాయస్థానము యుక్తవయస్కులిద్దరు వివాహమాడుటకు కుటుంబముయొక్క గాని కులపంచాయతీయొక్క గాని సమ్మతి యక్కరలేదని స్పష్టముగా తీర్పుచెప్పియున్నది. న్యాయస్థానములు తమ పని తాము చేయుచున్నవి. అవి తరగతిగదిలోనికి రాలేవు.

పదునాలుగేండ్ల పిల్లల వలపును పెద్దలు దీవింపవలెనని నేను వాదించుట లేదు. ఆ వయస్సున అది నిలుచునో నిలువదో, నిలిచిన మేలో కీడో వారికే తెలియదు. చదువు చెడగొట్టుకొనవలదని మందలించుట గురువు ధర్మమే. కాని ఇరువురిని సమముగా మందలించుట ఒకటి, ఇంటిపేరును చూచి ఒకరిని దాచి మరియొకరిని వీధిలోనికి నెట్టుట మరియొకటి. మన కథకులలో ఈ రెంటికిని గల భేదమును పట్టుకొని వ్రాసినవారు కనబడుట లేదు. ఉపాధ్యాయుని హాస్యగానిగా చేసి వదలుట కథకునికి సులభము, ఉపాధ్యాయునికి మరింత సులభము. నవ్వులాటవాని నెవడును జవాబు అడుగడు గదా. మంజుళే చిత్రించిన చోఖామేళుని పాఠము చెప్పు గురువు, చెంపదెబ్బ తిన్న లోఖండే, వీరిద్దరును తెలుగుకథలోనికి ఇంకను రాలేదు.

‘ఫాండ్రీ’ని ఉన్నతపాఠశాలలలో పిల్లలకు చూపింపవచ్చునా యని మిత్రులు కొందరు నన్నడిగిరి. అందు బూతుమాటలు కలవు, పంది కలదు, మన పిల్లలకు మరాఠీ రాదు అని వారి సంశయము. పిల్లలకంటె ముందు ఉపాధ్యాయుల గదిలో చూచుట మంచిదని చెప్పితిని. చిత్రము రాతితో ముగియును. ఆ మరునాడు బడి యున్నది. ఉదయమున హాజరుపట్టీ తెరచి ఆ గురువు జంబువంత్ కచరూ మానే యని పిలువవలెను. పిలిచినప్పుడు బదులు వచ్చెనో లేదో, రాకున్నచో గురువు తలయెత్తి చూచెనో, ఎర్రసిరాతో ఒక గీత గీసి తరువాతి పేరునకు పోయెనో మంజుళే చూపలేదు.